తలకిందుల చీపురు

కనిపెట్టాడట! మా అత్తగారి అత్తగారు పొయ్యి వెలిగించిన కొట్టు ఇది. చేపలవాడికి తెలుసు, గుడి పూజారికి తెలుసు, పక్కసందు పిల్లికి కూడా ఇక్కడ ఏ వేళకు ఏ ముక్క దొరుకుతుందో తెలుసు. అయినా కురమోచి అనే ఆ పెద్దమనిషి టోక్యో నుంచి రైలెక్కి వచ్చి, ఒక సాయంత్రం తాగి, తిని, మూతి తుడుచుకుని వెళ్ళి, 'క్యోటోలో నేను కనిపెట్టిన రహస్యం' అని ఇంటర్నెట్‌లో రాశాడు. పైన మా గుమ్మం ఫొటో, కింద దారి చూపించే పటం.

దారినపోయేవాళ్ళకు మా కొట్టులో చోటుండదు. ఎవరో ఒక పాతవాడు వెంటబెట్టుకుని వస్తేనే కొత్తవాడికి కుర్చీ. ఆ కొత్తవాడు కప్పు పగలగొట్టినా, నోరు జారినా తప్పు వాడిది కాదు, తెచ్చినవాడిది. మా వీధి వీధంతా నడిచే పద్ధతే ఇది. కురమోచిని తెచ్చింది నిషివాకి గారు.

నిషివాకి గారు బట్టలకు రంగులద్దే మనిషి. నీలిమందు తొట్టెలో ముంచీ ముంచీ ఆయన గోళ్ళు నీలంగానే ఉండిపోయాయి. నేను కోడలిగా ఈ కొట్టులో అడుగుపెట్టిన రోజున కూడా ఆయన గోడవార మూల కుర్చీలోనే ఉన్నారు. నా మొదటి చామదుంపల కూర తిని, మా అత్తగారు వినేట్టుగా, "ఉప్పు కాస్త తగ్గింది గానీ చెయ్యి మంచిది. ఈ అమ్మాయిని కోప్పడకండి" అన్నది ఆయనే. మా ఆయన పోయినప్పుడు కొట్టు మూసేద్దామనుకున్నాను. నిషివాకి గారు రోజూ వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా, వేడి సాకే, అదే మా బియ్యపు సారా, తాగి వెళ్ళేవారు. ఆయన వస్తారు కదా అని పొయ్యి వెలిగించేదాన్ని. అలా కొట్టు నిలబడింది, నేనూ నిలబడ్డాను.

రంగుల పని చూస్తానంటూ ఆయన దగ్గర చేరి, కాళ్ళావేళ్ళా పడి, కురమోచి మా గుమ్మం ఎక్కాడు. "ఫొటోలు తీయను, ఒక్క ముక్క రాయను" అని నా ఎదుటే మాటిచ్చాడు. అలా మాటిచ్చిన నోటితోనే నా కూర తిన్నాడు.

ఇక చూడండి నా అవస్థ. సందు నిండా చక్రాల పెట్టెల గడగడ. ఫోన్లు పైకెత్తి పట్టుకుని వరసలు. ఎదురింటి ముసలావిడ గుమ్మంలో ఐస్‌క్రీము మరకలు. వచ్చినవాళ్ళను అని ఏం లాభం, వాళ్ళను రమ్మన్నవాణ్ణి అనాలి గానీ! కుర్చీ దొరక్క పాతవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. అప్పుడొక మధ్యాహ్నం నిషివాకి గారు, పెళ్ళిళ్ళకు వేసుకునే పట్టు పైకోటు తొడుక్కుని, మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చారు. నేల మీద మోకాళ్ళూని నుదురు ఆనించారు.

"వాణ్ణి తెచ్చింది నేను, అమ్మాయ్. ఆ ఫొటో అక్కడ ఉన్నన్నాళ్ళూ ఏ మొహం పెట్టుకుని నీ బల్ల ముందు కూర్చోను?"

"మీరేం చేశారండీ! ముందు లేవండి, నాకు పాపం చుట్టుకుంటుంది" అని ఏడ్చాను. లేచారు గానీ మళ్ళీ రాలేదు.

జనం ఇంకెవడో కనిపెట్టిన ఇంకో రహస్యం వెంట పోయారు. పాతవాళ్ళు తిరిగొచ్చారు. మూల కుర్చీ మాత్రం ఖాళీ. రెండు శీతాకాలాలు గడిచాయి. పెద్దాయన చేతికి కర్ర వచ్చిందని, మెట్లు ఎక్కలేకపోతున్నారని ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను ఎన్నిసార్లు వెళ్ళి పిలిచినా నవ్వి పంపేసేవారు. ఈ లోపల ఆయనకేమైనా అయితే, నా బల్ల ముందు ఇంకొక్కసారి కూర్చోకుండానే పోతే? అది తలపుకొచ్చినప్పుడల్లా నాకు ఆ కురమోచి పీక పట్టుకోవాలనిపించేది.

వాడే ఫోన్ చేశాడు, ఆకులు ఎర్రబడే రోజుల్లో. ఎదురుగా టోఫు కొట్టు నడిపే ఒటోవా అప్పుడే నాకు టోఫు ఇవ్వడానికి వచ్చి పక్కనే నిలబడింది.

"అమ్మగారూ, గుర్తున్నానా? నేను కనిపెట్టిన చోట్ల మీద పెద్ద పుస్తకం వస్తోంది. ప్రచురించే ఆవిడ డెన్మార్క్ నుంచి దిగుతోంది, బిర్గిట్ అని. మీ కొట్టు చూపించకపోతే నా పరువేం కాను?"

ఒటోవా కళ్ళెర్రజేసి, పెట్టేయ్ పెట్టేయ్ అని చేత్తో సైగ చేస్తోంది.

"అయ్యో, మిమ్మల్ని మరిచిపోతామా?" అన్నాను, నోట్లో బెల్లం ముక్క ఉన్నట్టు. "రోజూ తలుచుకుంటూనే ఉన్నాం." అందులో అబద్ధమేమీ లేదు. "తప్పకుండా తీసుకురండి. కాకపోతే ఆ పాత ఫొటో, ఆ పటం ఈ రాత్రికే తీసేయండి. పుస్తకంలో కొట్టు పేరు, వీధి పేరు రాయకూడదు. నేను చూపించిన దాన్నే ఫొటో తీసుకోవాలి."

"అంతేనా! పాతది ఎవరికి కావాలండీ, ఇప్పుడే తీసేస్తా" అన్నాడు. రెండేళ్ళుగా ఒక ముసలి మనిషి ఎవరి కంటా పడకుండా బతకడానికి కారణమైనదాన్ని వాడు చిటికెలో తీసేశాడు. ఒటోవా తన ఫోన్లో వెతికి చూసింది. లేదు.

"వదినా, నీకేమైనా మతిపోయిందా? ఆ దొంగవెధవని మళ్ళీ గుమ్మం ఎక్కిస్తావా?" అంది ఒటోవా.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నువ్వు చూస్తూ ఉండు."

వాళ్ళు వచ్చే రోజు పొద్దున నిషివాకి గారి ఇంటికి వెళ్ళాను. ఆయన నిద్ర లేవలేదు. కోడలు సాయోతో చెప్పాను: "ఆ ఫొటో పోయింది. ఇక మామగారికి సాకు లేదు. రేపు సాయంత్రం కుర్చీ సిద్ధంగా ఉంచుతానని చెప్పు. ఇవాళ మాత్రం వద్దు, కొట్టు ఊడ్చుకునే పనుంది."

మా అత్తగారు నాకు నేర్పిన విద్యల్లో చీపురు విద్య ఒకటి. వచ్చిన మనిషి ఎంతకీ కదలకపోతే పొమ్మనలేం కదా. తెర వెనక చీపురును తలకిందులుగా నిలబెట్టి, దాని తలకు తువ్వాలు చుడతాం. కాసేపటికి ఆ మనిషే లేచిపోతాడని నమ్మకం. పొరపాటున అతని కంటపడిందా, ఇక ఈ జన్మలో ఆ ఇంటి గడప తొక్కడు. మా ఊళ్ళో ఒక మనిషికి చేయగల అవమానాల్లో దీన్ని మించింది లేదు. అందుకే ఎప్పుడూ చాటునే పెడతాం.

ఆ సాయంత్రం నేను దాన్ని తలుపు పక్కనే, లోపలికి వచ్చేవాళ్ళకు ఎదురుగా నిలబెట్టాను. కొత్త తెల్ల తువ్వాలు చుట్టాను.

పూజారి వచ్చాడు, చీపురు చూసి ఆగాడు, నా మొహం చూశాడు, ఏదో ఉందనుకుని కూర్చున్నాడు. రోజూ వచ్చే మంగలాయన కూడా అంతే. తరవాత కురమోచి, వాడి వెనక పొడుగాటి బిర్గిట్ వచ్చారు. ఆమె వంగి దండం పెట్టింది, చెప్పులు సరిగ్గా విడిచింది, చామదుంపల కూర ఆఖరి ముక్కదాకా తిన్నది. పాపం ఆవిడ మంచిదే. కాసేపటికి చీపురు చూపించి ఏదో అడిగింది.

"ఓ, అదా!" అన్నాడు కురమోచి. వాడికి తెలియనిదంటూ ఉంటే కదా! "అది ఇక్కడి చాలా పాత ఆచారం. అతి గొప్ప అతిథి వచ్చినప్పుడే చీపురుకు తలపాగా చుట్టి నిలబెడతారు. ఇక ఈ ఇల్లు ఊడ్చే పనిలేదు, మీ రాకతోనే శుభ్రమైపోయింది అని దాని భావం. అవునా అమ్మగారూ?"

మంగలాయన సాకే పొలమారి దగ్గాడు. పూజారి బల్ల కింద తన తొడ తానే గిల్లుకుంటున్నాడు.

"అబ్బ, ఎంత తెలుసండీ మీకు! మా ఊరి కుర్రకారుకే తెలియదు" అన్నాను. "మీ కోసమే పెట్టాను. ఫొటో తీసుకునేది ఇదేనండి."

వాడు లేచి చీపురు పక్కన నిలబడ్డాడు. దాని భుజం మీద చెయ్యేసినట్టు పట్టుకుని పళ్ళికిలించాడు. బిర్గిట్ ఫొటో తీసింది. "పుస్తకానికి అట్ట ఇదే" అని అక్కడికక్కడే అంది. వాళ్ళు సెలవు తీసుకుని బయటికి నడిచారో లేదో, ముగ్గురం బల్ల మీద తలలు వాల్చి కన్నీళ్ళొచ్చేలా నవ్వాం. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఈసారి తన్నింది నేనే!

అప్పుడు ఒటోవా పరుగున వచ్చింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"వదినా, నిషివాకి గారికి ఏమైంది?"

"ఏమవుతుంది? ఆయన వచ్చేది రేపు కదా."

"ఇప్పుడే, మీరంతా పడీ పడీ నవ్వుతున్నప్పుడు వచ్చి వెళ్ళారు. పట్టు కోటు వేసుకుని, కర్ర ఊతంతో. రేపటిదాకా ఆగలేక వచ్చారేమో! తలుపు కొంచెం జరిపారు. లోపల ఏం చూశారో ఏమో, మళ్ళీ జాగ్రత్తగా మూసేసి, నీ గుమ్మానికి దండం పెట్టి వెళ్ళిపోయారు. పిలిచినా పలకలేదు."

తలుపు జరిపితే ఎదురుగా కనిపించేది చీపురే. ఎవరికి తీసిన గోతిలో ఎవరు పడ్డారు తల్లీ!

వెళ్ళి ఏమని చెప్పను? అది మీ కోసం కాదండీ అనా? మా ఊళ్ళో ఎవరైనా ఆ మాటే అంటారు. అవమానించినవాళ్ళు కూడా ఆ మాటే అంటారు. ఆయన చిరునవ్వు నవ్వి, "అవునవును, నాకు తెలుసు" అని తలుపు వేసేస్తారు. నేను ఎంత నిజం చెబితే అంతగా మర్యాద కోసం అబద్ధమాడుతున్నాననుకుంటారు.

చీపురు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. సందు చివర కురమోచి, బిర్గిట్ ఇంకా లాంతర్లకు ఫొటోలు తీస్తున్నారు.

"అయ్యగారూ! ఒక్క నిమిషం!" అని పరిగెత్తాను. "మిమ్మల్ని మొదట మా దగ్గరికి తెచ్చిన పెద్దాయన ఈ పక్కవీధే. ఈ చీపురు సంగతి మీ నోటితో వింటే ఎంత పొంగిపోతారో!"

"ఇంకా ఉన్నాడా ఆ ముసలాయన? పదండి పదండి!"

నిషివాకి గారు ముందు గదిలోనే ఉన్నారు, పట్టు కోటు కూడా విప్పకుండా. నన్ను చూశారు, నా చేతిలోది చూశారు. మొహం పాలిపోయింది.

"అర్థమైంది, అమ్మాయ్" అన్నారు మెల్లగా. "దాన్ని మా ఇంటిదాకా మోసుకురావాలా?"

కురమోచి నన్ను తోసుకుని ముందుకొచ్చాడు. "పెద్దాయనా! బాగున్నారా? ఇవాళ అమ్మగారు నాకెంత గౌరవం చేశారో తెలుసా? నా కోసం చీపురు నిలబెట్టారు! తలకిందులుగా, తలపాగా చుట్టి! గొప్ప అతిథులకే చేస్తారుగా! పుస్తకం అట్ట మీద వేస్తున్నాం!"

పెద్దాయన కురమోచిని చూశారు. చీపురును చూశారు. తరవాత నన్ను చూశారు, చాలాసేపు. నేను తల దించుకున్నాను. నవ్వు ఆపుకుందామని పెదవులు బిగబట్టినా నా భుజాలు ఎగిరిపడుతూనే ఉన్నాయి.

"సాయో" అని లోపలికి కేకేశారు. "మన చీపురు పట్రా. పెద్దది."

సాయో కళ్ళు పెద్దవి చేసుకుని తెచ్చింది. ఆయన కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచారు. నీలిగోళ్ళ చేతులతో చీపురును తిరగేసి గుమ్మం ముందు నిలబెట్టారు. తన మెడలోని తువ్వాలు తీసి దాని తలకు చుట్టి, ముడి గట్టిగా బిగించారు.

"ఇంతటివారు మా గడప తొక్కారు. మా వంతు గౌరవం మేమూ చేయాలి కదా" అన్నారు, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా.

"చూశావా బిర్గిట్! చూశావా!" అని గంతులేశాడు కురమోచి. రెండో ఫొటో కూడా తీయించుకున్నాడు, పెద్దాయనను పక్కన నిలబెట్టుకుని. ఆ గుమ్మానికి వంగి వంగి దండాలు పెడుతూ వెళ్ళాడు.

వాళ్ళు మలుపు తిరిగాక, పట్టిన పీడ మళ్ళీ రాకుండా సాయో దోసెడు ఉప్పు తెచ్చి వాకిట్లో చల్లింది. నిషివాకి గారు కర్ర అందుకున్నారు.

"వాణ్ణి తెచ్చింది నేను. సాగనంపాల్సింది కూడా నేనే కదా, అమ్మాయ్" అన్నారు. అని, గోడకు చేరబడి, నవ్వడం మొదలుపెట్టారు. "చామదుంపలు మిగిలాయా?"

పూలు పూసే వేళకు పుస్తకం వచ్చింది. మా ఊరు ఊరంతా అట్ట చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఇప్పుడు కురమోచి ఏ ఇంటికెళ్ళినా చీపురు నిలబెడుతున్నారు. వాడు ప్రతి చీపురుకూ ఫొటో తీసి, ఈ గౌరవం తనకొక్కడికే దక్కిందని రాస్తున్నాడు. ఎవరూ వాడికి చెప్పరు. వాడు నూరేళ్ళు చల్లగా ఉండాలి, నూరేళ్ళూ చెప్పకూడదు.

పుస్తకం మూల కుర్చీకి పైన అలమరలో పెట్టాను. నిషివాకి గారు సాకే తాగుతూ దాన్ని దించమంటారు, అద్దాలు పెట్టుకుని అట్ట చూస్తారు, మళ్ళీ పైన పెట్టమంటారు.

"ఈ ఫొటో మాత్రం" అన్నారు నిన్న, "ఎప్పుడూ తీసేయమనకు, అమ్మాయ్."