సొంత పనిముట్లు

పని లేక ఏడు వారాలైనా వెర్లిన్ స్టంబో పొద్దున్నే పనిముట్లు తుడిచి వ్యానులో సర్దుకున్నాడు. కార్పెట్‌ను మోకాలితో గుద్ది గోడదాకా బిగించే ఇనుప పనిముట్టును మాత్రం పక్క సీటులో పెట్టుకున్నాడు. అరవై రెండేళ్లు. కుడి మోకాలు ఎప్పుడూ వాచే ఉంటుంది. రెండు రోజులుగా ఛాతీ పట్టేసినట్టుంటే కాఫీ ఎక్కువైందనుకున్నాడు. వ్యాను తలుపు మీద ‘స్టంబో ఫ్లోరింగ్’ అని నీలం అక్షరాలు. పదకొండేళ్ల కిందట క్రిస్మస్‌కి వెర్లిన్ పందొమ్మిదేళ్లు పనిచేసిన కార్పెట్ దుకాణం యజమాని లైల్ తన ఖర్చుతో రాయించాడు. ఆ రోజు వెర్లిన్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పిచ్చి మారాజు, ఆ రాత దేనికో ఆలోచించలేదు.

టొలీడో ఊళ్లో నిరుద్యోగ భృతి ఆఫీసు. అధికారిణి మరిసోల్‌కి అతని వయసులో సగం ఉంటుంది.

“లైల్ మీ పేర ఒక్క ఏడాదీ నిరుద్యోగ పన్ను కట్టలేదు. మీది సొంత వ్యాపారం అంటున్నాడు, వ్యాను మీద పేరే సాక్ష్యమంటున్నాడు. మీరు ఆయన పనివాళ్లేనని తేలితే ఆయన పన్ను కట్టాలి, మీకు భృతి వస్తుంది. పనిముట్లూ పని వేళలూ మీవైతే సొంత వ్యాపారం కిందే లెక్క, చూసుకుని చెప్పండి. పనిముట్లు ఎవరివి?”

“నావే. ఇంకొకళ్ల సుత్తి అరువడిగిన రోజు లేదు.”

“పనెలా చెయ్యాలో లైల్ చెప్పేవాడా?”

“లైలా? కార్పెట్ తిరగేసి పరిచినా వాడికి తెలీదమ్మా.”

ఆమె నవ్వబోయి ఆగింది. “ఎన్నింటికి రావాలో ఆయనే చెప్పేవాడు కదా?”

“నాకొకడు చెప్పాలా? ఏడు కొట్టేసరికి నేనే ఉండేవాణ్ణి.”

ప్రతి జవాబుతోనూ తన నోటికాడ కూడు తానే లాగేసుకుంటున్నాడు. అతని తండ్రి కెంటకీ బొగ్గు గనుల్లో కంపెనీ మనిషిగా బతికి కంపెనీ ఇంట్లోనే పోయాడు. తాను ఎవరి మనిషీ కాదన్న ఒక్క మాటే వెర్లిన్ సంపాదన. దాన్ని ఆ బల్ల మీద వదిలెయ్యమంటే పాపం ఎలా వదులుతాడు?

మరిసోల్ కలం కింద పెట్టింది. “ఈ ఆఖరి ప్రశ్న మీరే రాయండి, వెర్లిన్ గారూ. పందొమ్మిదేళ్లలో ఇంకెవరికైనా పని చేశారా అని. అయిదింటిలోపు తెచ్చివ్వండి. ఒక్క యజమానికే చేసుంటే పనివాళ్ల కింద లెక్కేస్తారు, మీకు మిగిలిన దారి ఇదొక్కటే.”

కాగితం తీసుకుని వ్యానులో కూర్చున్నాడు. పని ఇస్తామన్నవాళ్లు నలుగురైదుగురు గుర్తొచ్చారు. “వాళ్ల దగ్గరికెళ్తే నా గడప తొక్కకు” అని లైల్ అన్నదీ గుర్తొచ్చింది. ఆ మాట ఇంట్లో కూడా ఎవరికీ చెప్పుకోలేదు. జేబులోంచి కలం తీశాడు. రాసి, తల వెనక్కి వాల్చాడు.

అయిదింటికి మరిసోల్ బయటికొచ్చేసరికి వ్యాను అక్కడే ఉంది. అద్దం మీద తట్టింది. మళ్లీ తట్టింది. అంబులెన్సు గబగబా వచ్చి, తీరిగ్గా వెళ్లింది.

పక్క సీటులో కాగితం అలాగే ఉంది. ‘ఎవరికీ చెయ్యలేదు. చెయ్యనివ్వలేదు. నేను లైల్ పనివాణ్ణి.’ కాగితం ఎగిరిపోకుండా దాని మీద ఆ ఇనుప పనిముట్టు ఉంది, మోకాలు ఆనే చోట దాని తోలు మెత్త గుంటపడి.