కుక్కల కొట్టంలో బడి

డ్రమ్‌గోర్ట్ బడిని దొర కట్టించాడని గోడ మీద పలక ఉంది. ఆ మాట ఎత్తితే ఊళ్ళో ముసలివాళ్ళు కాండ్రించి ఉమ్ముతారు. వాళ్ళు చెప్పేది వేరు.

అప్పట్లో ఊళ్ళో బడి లేక ఫింటన్ పంతులు ముళ్ళకంచె చాటున, కందకంలో పిల్లలకు చదువు చెప్పేవాడు. ఒక వాన రోజున దొర ఏజెంటు స్పర్లింగ్ వేటకు వెళ్తూ అక్కడ గుర్రం ఆపాడు. నవ్వుతూ వేటకుక్కల్ని కందకంలోకి ఉసిగొలిపాడు. పిల్లలకు అడ్డుపడ్డ పంతులు పిక్కను కుక్కలు పీకేశాయి.

దొర కొట్టంలో ఆ కుక్కలకు వండిపెట్టేది గోబ్నెట్. మొగుడు పోయిన మనిషి. కుక్కలకు మాంసం వేసిన జావ. ఇంట్లో కూతురికి ఉప్పునీళ్ళలో ఆలుగడ్డలు. ఆ సాయంత్రం జావ పోస్తుంటే ఒక కుక్క మూతికి నెత్తురు కనిపించింది. ఆమె గరిటె విసిరేసి కమ్మరి తైగ్ కొలిమికి నడిచింది. ఊరు అప్పటికే అక్కడ పోగైంది.

"దొరకి అర్జీ పెట్టుకుందాం," అంటున్నాడు ముసలి ఫెలిమ్.

"పెట్టుకో బాబాయ్. పంతులు మాంసం కుక్కలకి నచ్చిందో లేదో కూడా అడుగు!" అంది గోబ్నెట్. "ఆ కొట్టం లోపల ఎప్పుడన్నా చూశావా? రాతిగోడలు, పొయ్యి, పొడిగడ్డి. కుక్కలకి! మన పిల్లలకేమో కందకం!"

"ఏం చేద్దామంటావు అక్కా?" అన్నాడు తైగ్.

"కుక్కల్ని బయటికి తోలి, పిల్లల్ని లోపల కూచోబెడదాం."

"భూముల్లోంచి గెంటేస్తారే పిల్లా!" అన్నాడు ఫెలిమ్.

"ఒక్కణ్ణయితే గెంటుతాడు. ఊరంతా పోతే ఆయన పొలం ఎవడు దున్నుతాడు, వాళ్ళ తాతా?"

తెల్లారగానే ఊరు కదిలింది. కుక్కలు దొర పూలతోటలో పడ్డాయి. ఆడవాళ్ళు పేడ ఎత్తి, బూడిదతో నేల రుద్దారు. పంతుల్ని తలుపుచెక్క మీద మోసుకొచ్చారు. ఆయన బొగ్గుతో గోడ మీద అక్షరాలు రాశాడు.

మధ్యాహ్నానికి స్పర్లింగ్ పోలీసుల్ని తెచ్చాడు. గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు. "ఛీ, ఏం కంపు!"

"తమరి కుక్కలదే బాబూ," అంది గోబ్నెట్. "ఎంత కడిగినా పోలేదు."

ఆమెకూ పంతులుకూ సంకెళ్ళు వేసి బండెక్కించారు.

"ఇక చదువు ఎవడు చెప్తాడ్రా?" అని వెక్కిరించాడు స్పర్లింగ్.

గుంపులోంచి ఫెలిమ్ కదిలాడు. ఏజెంటును దాటుకుని లోపలికి వెళ్ళాడు.

"జరగండ్రా పిల్లలూ. నాకూ చోటివ్వండి. అదేం అక్షరమో చెప్పండి."

తైగ్ వెళ్ళి కూర్చున్నాడు. ఆడవాళ్ళు వెళ్ళారు. కొట్టం నిండి, జనం గుమ్మం బయట బురదలో కూర్చున్నారు. గోబ్నెట్ కూతురు లేచి మొదటి అక్షరం చూపించింది. ఊరు ఒక్క గొంతుతో పలికింది.

బండి కదిలింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క అక్షరం నేర్వని గోబ్నెట్, సంకెళ్ళ చేతులతో బండి అంచు పట్టుకుని నిలబడి, ఊరితోపాటు గట్టిగా అరిచి చదివింది.