హన్మయ్య అడుగులు

తాండూరులో మైసమ్మ రోజూ పొద్దున్నే వాకిట్లో సానుపు చల్లి, గడప ముందరి బండ మీద చెంబెడు నీళ్లు కుమ్మరించేది. బండ తడవగానే అడుగుల చప్పుడు వినబడేది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ పదకొండు అడుగులు. ఏడో అడుగు తర్వాత కాసేపు ఆగేవి, మళ్లీ సాగేవి. ఆ ఊళ్లో బండలు ఎవరో ఒకరిని గుర్తుపెట్టుకోవడం మామూలే. పక్కింటి నాగవ్వ బండలో అత్తగారి సణుగుడు ఉండిపోయింది కనుక ఆమె దాన్ని చచ్చినా తడవనిచ్చేది కాదు.

ఈ అడుగులు మైసమ్మ కొడుకు హన్మయ్యవి. పంతొమ్మిది వందల నలభై ఎనిమిది నాటి గడబిడల్లో గొర్రెల మంద మొత్తం పోగొట్టుకుని వట్టి చేతులతో ఇంటికొచ్చాడు. "గొర్లు లేకుండ గడప ఎక్కకు" అంది తల్లి, కోపం మీద. ఏడో అడుగు దగ్గర ఒకసారి ఆగి, వెళ్లిపోయాడు. పదేళ్లయింది.

ఆమె వసారాలో అద్దెకుండే బాల్‌రాజ్ హార్మోనియం మాస్టరు. నలభై దాటాక మొదటిసారి ఒక సినిమాకు సంగీతం కట్టే పని దొరికింది. వెనకటి కాలంలో ఒక గడీలో దొర కొడుకు మాయమైన కథ. అన్నీ కుదిరాయి గానీ, కొడుకు ఇక రాడని తల్లికి తెలిసే చివరి ఘట్టానికి ఏ రాగం పట్టినా అబద్ధంలాగే ఉంది. సోమవారం పట్నంలో రికార్డింగు. అప్పటికి కాకపోతే పని ఇంకొకరికి ఇస్తామని దర్శకుడు ఉత్తరం రాశాడు.

కావలసింది రోజూ చెవిన పడుతూనే ఉంది. కానీ బండ చప్పుడును బాణీలోకి తీసుకుంటే బండ మూగబోతుంది. అందుకే నోరు మెదపలేదు.

"ఏంది సారూ, రెండొద్దులాయె, బువ్వ ముడ్తలేవు?" అంది మైసమ్మ.

చెప్పాడు. చెప్పి సిగ్గుపడ్డాడు.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి బండ పక్కన కూర్చుంది.

"సినిమ ఏడేడ ఆడ్తది?"

"రైలు పోయే ఊర్లన్నిట్ల, అవ్వా."

"అయితే తీస్కో. నేనొక్కదాన్నే ఇనుకుంట కూసుంటే, నేను ఎదురుచూస్తున్నట్టు వానికెట్ల ఎరుకైతది?"

చెంబు ఆమే వంచింది. బాల్‌రాజ్ వేళ్లు హార్మోనియం మీద ఆ అడుగుల వెంటే నడిచాయి. మర్నాడు నీళ్లు పోస్తే బండ తడిసింది, అంతే. మైసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లింది.

సినిమా వికారాబాద్‌లో బాగా ఆడింది. చివర్లో పదకొండు మద్దెల దెబ్బలు, ఏడోదాని తర్వాత ఆ ఖాళీ వచ్చేసరికి హాల్లో దగ్గు కూడా వినబడేది కాదట. ఆ మెప్పు బాల్‌రాజ్‌కు ఒంటబట్టలేదు. మైసమ్మ మూగ బండకు నీళ్లు పోస్తుంటే మొహం చాటేసేవాడు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె చాటలో కందిపప్పు ఏరుతోంది. అడుగులు వినబడ్డాయి, ఎడమ కాలు ఈడుస్తూ.

"సారూ, బండ తడిపినవా?"

"లేదవ్వా."

బండ పొడిగా, ఎండకు కాలుతూ ఉంది. దాని మీద గడ్డం నెరిసిన మనిషి నిలబడ్డాడు. భుజాన గొర్రెపిల్ల.

"రాయచూర్ల సినిమ సూసిన. నా నడకే ఇనొచ్చింది" అన్నాడు. కాలు గడప మీద పెట్టలేదు. "గొర్లల్ల ఒక్కటే తేగలిగిన, అవ్వా. ఎక్కాల్నా?"