ఇంకొకరు నింపిన తూటా

సోమవారం బట్టలు ఉతకడమంటే నాకు ముందు జేబులు వెతకడం. తూటా కాల్చేశాక మిగిలే ఇత్తడి తొడుగుల్ని మళ్ళీ నింపుకోవచ్చు కాబట్టి మా ఆయన ఆర్విడ్ వాటిని తుపాకీ క్లబ్బు రేంజ్‌లో ఏరి చొక్కా జేబుల్లో పోసుకుని వస్తాడు. అతని పని అక్కడితో సరి. నేను ఎంత వెతికినా ఒకటో రెండో నా కన్నుగప్పి వాషింగ్ మెషీన్‌లో పడతాయి, రేకు మీద వడగళ్ళు పడుతున్నట్టు ఇల్లంతా ఒకటే మోత. “ఉతికేముందు జేబులు చూడాలని ఎన్నిసార్లు చెప్పాలి మర్లిస్?” అని పై నుంచి కేక వినిపిస్తుంది. చొక్కా అతనిది, జేబు అతనిది, తూటా అతనిది. చూడాల్సిన కళ్ళు మాత్రం నావి.

ఇరవై ఆరేళ్ళుగా ఇంతే. మా బేస్‌మెంట్‌లో మెషీన్ పక్కనే ఒక బల్ల, దాని మీద ఒక ప్రెస్, ఒక చిన్న త్రాసు. శనివారం మధ్యాహ్నాలు నేను అక్కడే ఉంటాను. మోంటానాలో చలికాలం ఆరు నెలలు. నేలమట్టానికున్న చిన్న కిటికీని మంచు సగం కప్పేస్తే, లోపలికి వచ్చే వెలుతురు పాలు కలిపిన నీళ్ళలా ఉంటుంది. తొడుగులు శుభ్రం చేస్తాను, ప్రెస్‌లో పెట్టి సరైన కొలతకు తెస్తాను, అడుగున మందుకి నిప్పంటించే కొత్త ప్రైమర్ బిగిస్తాను. ఆ తర్వాత పేలుడు మందు తూస్తాను. త్రాసు ముల్లు కాసేపు పైకీ కిందకీ ఊగుతుంది. ఊపిరి తగిలితే కూడా కదులుతుంది కాబట్టి నేను ఊపిరి సగం వదిలి ఆపుతాను. ముల్లు నిలుస్తుంది. ఆ నిలిచిన క్షణంలో నాకు యాభై మూడేళ్ళు కావు, పదిహేడు. స్కూల్ రైఫిల్ జట్టులో, జిమ్ నేల మీద పరిచిన చాప మీద బోర్లా పడుకుని ఉన్నాను. చెంప కింద నాన్న తుపాకీ చెక్క చల్లగా తగులుతోంది, ఎదురుగా బఠాణీ గింజంత నల్లచుక్క. చుట్టూ ఎవరూ లేరు, నా పేరు పిలిచేవాళ్ళు లేరు. అంత హాయి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు, ఆ త్రాసు ముందు తప్ప.

ఒకప్పుడు తూటాలు ఆర్విడే నింపేవాడు. పెళ్ళయిన మొదటి చలికాలం, రేడియోలో హాకీ ఆట వింటూ నింపాడు. ఒక తొడుగులో మందు పోయడం మర్చిపోయి గుండు బిగించేశాడు. పోటీలో అది టుప్పుమంది, గుండు గొట్టంలోనే ఇరుక్కుపోయింది. మనిషిని ముక్కలు చేసే తప్పు అది. తర్వాతి తూటా పేల్చి ఉంటే నేను ఆ ఏడాదే విధవనయ్యేదాన్ని. క్లబ్బులో అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక నా వైపు చూడకుండానే అన్నాడు, “మర్లిస్, నాకు ఓపిక ఉండదు. నువ్వు కాస్త తూకం చూడు. అంతే.”

ఆ ‘అంతే’ అనే మాట ఎంత సాగుతుందో అప్పుడు నాకు తెలియదు. తూకం చూడటం నింపడమైంది, నింపడం పెట్టెలు సర్దడమైంది, సర్దినవి ట్రక్కులోకి మోయడమైంది. పోటీలో అతని వెనక కూర్చుని, దుర్భిణీలోంచి గడ్డి కదలికా ఎండసెగా చూసి, గాలి ఎటు నుంచి వీస్తోందో చెప్పడం కూడా అందులోనే కలిసిపోయింది. ప్రతి పెట్టెలోనూ ఒక అట్టముక్క ఉంటుంది. తేదీ, మందు రకం, తూకం అన్నీ నేనే రాస్తాను. చివర ‘నింపినవారు’ అనే గడి ఒక్కటి ఖాళీగా ఉంచితే, కాఫీ తాగుతూ ఆర్విడ్ సంతకం పెడతాడు. సొమ్మొకరిది సోకొకరిది అంటారే, మా ఇంట్లో ఆ సామెతకు సంతకం కూడా ఉంది.

మరి నేనెందుకు కాల్చలేదు? మా అత్తగారు ఇంగా బతికుండగా ఒకసారి నాన్న తుపాకీ బయటికి తీశాను. ఆవిడ బంగాళదుంపల పొట్టు తీస్తూ, తల ఎత్తకుండా, “ఇద్దరూ గురి చూస్తూ పడుకుంటే పొయ్యి ఎవరు చూస్తారు అమ్మాయ్?” అంది. ఆవిడ చెడ్డదేం కాదు. ఆవిడకు ఎవరో చెప్పిందే నాకూ చెప్పింది. తుపాకీ మళ్ళీ చలికోట్ల వెనక్కి వెళ్ళిపోయింది. నేను చేసేదల్లా ఏడాదికోసారి దానికి నూనె రాయడం.

ఉద్యోగంలో కూడా నాది తూకమే. ధాన్యం గోదాము దగ్గర కాటా గదిలో కూర్చుంటాను. గోధుమ లారీలు కాటా ఎక్కుతాయి, నేను అంకె చూసి చీటీ ఇస్తాను. పంతొమ్మిదేళ్ళుగా నా అంకె ఒక్కసారి తప్పలేదు. అయినా కొత్తగా వచ్చిన రైతు కిటికీలోంచి తొంగిచూసి, “లోపల మగాళ్ళెవరూ లేరా తల్లీ?” అంటాడు. “ఉన్నారు, కాఫీ తాగుతున్నారు. తూకం కావాలంటే నేనున్నా” అంటాను. ఈ నోరు నాకు ఇంట్లో ఎందుకు రాదో అని దారంతా అనుకుంటూ వస్తాను.

ఈ ఏడు మే నెలలో క్లబ్బు తలుపులు తెరిచిన రోజున, కొత్తగా చేరినవాళ్ళకి జాగ్రత్తలు చెప్పే పని ఆర్విడ్‌ది, క్లబ్బు అధ్యక్షుడు కదా. నేను పక్క షెడ్డులో రూబార్బ్ బార్లు, అంటే పుల్లటి కాడలతో చేసే కేకులాంటివి, ముక్కలు కోస్తున్నాను. పేర్లు రాసుకునే లొరెట్టా నా పక్కనే ఉంది. నాతో స్కూల్లో చదివింది.

“అన్నిటికన్నా పెద్ద నియమం ఇది,” ఆర్విడ్ గొంతు పెంచాడు. “ఇంకొకరు నింపిన తూటా మీ తుపాకీలో పెట్టకండి. స్నేహితుడైనా సరే, పాస్టర్‌గారైనా సరే. వాళ్ళ బుర్ర ఆ పూట ఎక్కడుందో మీకు తెలీదు. నేను ఇరవై ఆరేళ్ళుగా నా చేత్తో నింపింది తప్ప ఇంకోటి కాల్చలేదు.”

మాకందరికీ ఆ నియమం చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎవరి తూటా వాళ్ళదే. పక్కవాడి టూత్‌బ్రష్ అయినా అడగొచ్చు గానీ తూటా అడగకూడదు. నాకు తెలియందల్లా ఒక్కటే, నేను ఆ ‘ఇంకొకరు’ కానన్న సంగతి. కత్తి కింద ఏదో కరకరమంది.

“మర్లిస్, బార్లు కోస్తున్నావా, బల్ల కోస్తున్నావా?” అంది లొరెట్టా మెల్లగా.

కొత్తవాళ్ళలో టెస్ అని ఒకమ్మాయి, పశువుల డాక్టరు, చెయ్యెత్తింది. “మరి ఇంట్లోవాళ్ళు నింపితే? మీ ఆవిడ నింపిందనుకోండి, అప్పుడు?”

ఆర్విడ్ నవ్వాడు. “మా ఆవిడ చేసిన బార్లయితే కళ్ళు మూసుకుని తింటాను. తూటాలంటావా, నాకింకా బతకాలనుందమ్మా.”

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండలేదు, అదే విచిత్రం. చుట్టూ ఉన్న మాటలన్నీ నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు దూరమైపోయాయి. షెడ్డు గుమ్మంలోంచి ఆరువందల గజాల గడ్డి కనిపిస్తోంది, దాని మీద ఎండసెగ ఎడమ నుంచి కుడికి, వాగు పారినట్టు మెల్లగా పారుతోంది. గాలి ఇప్పుడు పడమర నుంచి, నెమ్మదిగా ఉంది అనుకున్నాను. అది ఎవరికీ చెప్పక్కర్లేదు కూడా అనుకున్నాను.

టెస్ బార్ తీసుకోవడానికి వచ్చి, “మీరూ కాలుస్తారాండీ?” అని అడిగింది.

“నేను బార్లు చేస్తాను,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

“అబద్ధాలాడకు,” అంది లొరెట్టా. “స్కూల్లో దీని ముందు ఆర్విడ్ ఏ మూలకీ వచ్చేవాడు కాదమ్మా. కావాలంటే ఆ గోడ మీద పాత ఫోటో చూడు, మధ్యలో ఉన్నది ఇదే.”

తిరిగి వచ్చేటప్పుడు ట్రక్కులో అడిగాను. “ఆర్విడ్, తూటాలు నింపేది ఎవరు?”

“అదేం ప్రశ్న? మనమే కదా.”

“నీ చేత్తో అన్నావు.”

“నువ్వూ నేనూ వేరా మర్లిస్?” అన్నాడు, ప్రేమగానే. నా మోకాలి మీద చెయ్యి కూడా వేశాడు.

ఎంత తియ్యటి మాట. అది విని కరిగిపోవాల్సిన ఆడదాన్నే నేను. కానీ వేరు కానిదాన్నయితే మా హాల్లో ఉన్న పదకొండు గెలుపు షీల్డుల్లో ఒక్కదాని మీదైనా నా పేరు ఉండాలి కదా. మనం అన్నప్పుడల్లా అందులోంచి నేనెందుకు జారిపోతున్నాను? నాకు ఆ షీల్డులు అక్కర్లేదు. ఆ చాప కావాలి. ఆ చాప మీద, నేను నింపిన తూటా నేను కాల్చే ఆ ఒక్క ఊపిరి కావాలి. ఇంత చిన్న కోరికని ఇరవై ఆరేళ్ళు చలికోట్ల వెనక దాచానని తెలిసి ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆర్విడ్ రేడియో పెట్టాడు.

మూడు వారాల పాటు సాయంత్రాలు గోదాము మూసేశాక తిన్నగా ఇంటికి రాలేదు, నాన్న తుపాకీతో రేంజ్‌కి వెళ్ళాను. “ఆలస్యమైందేం?” అని ఆర్విడ్ అడిగితే, “తూకాలు చూసుకుంటున్నా” అనేదాన్ని. అబద్ధమేమీ కాదు. మొదటి రోజు భుజం నొప్పెట్టింది, రెండో రోజు గుండు నల్లచుక్క అంచుకి తగిలింది, మూడో వారంలో గుళ్ళు చుక్క మధ్యలోకి ఒకదాని పక్కన ఒకటి చేరాయి. సాయంత్రం ఎండలో ఖాళీ తొడుగులు గడ్డిలో మెరుస్తుంటే ఏరి నా జేబులో వేసుకున్నాను. నా సొంత జేబులో.

జూన్ పోటీ రోజు ఆర్విడ్ ఎప్పటిలాగే ముందు వరసలో చాప పరిచాడు. నేను పెట్టెలు దించాను. అతను తన పెట్టె ఎత్తి ఉంటే తేలిగ్గా ఉందని ఇంటి దగ్గరే తెలిసేది, కానీ మోసేది నేనే కదా. పిలుపు రావడానికి ఇంకా పావుగంట ఉండగా మూత తీశాడు. యాభై తొడుగులు అద్దంలా తోమి, వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ నోళ్ళు తెరుచుకుని ఖాళీగా. అట్టముక్క మీద ‘నింపినవారు’ అనే గడిలో ఆర్విడ్ అని నా చేతిరాత. మిగతా గడులన్నీ ఖాళీ.

“ఏంటిది?” అన్నాడు.

“నీ చేత్తో నింపుకుంటావని వదిలేశాను.”

ఎర్రబడిన మొహంతో అటూ ఇటూ చూశాడు. చుట్టూ అందరి దగ్గరా తూటాలున్నాయి. ఒక్కరినీ అడగడానికి లేదు. నియమం చెప్పింది తనే. అప్పుడే నా పక్కనున్న రెండో పెట్టె చూశాడు. మా ఇద్దరి తుపాకీలకూ తూటా ఒకటే కొలత.

“అవి ఇలా ఇవ్వు మర్లిస్. నలుగురిలో ఆటలా?”

మూత తీసి అట్టముక్క అతని వైపు తిప్పాను. తేదీ, మందు, తూకం, నింపినవారు: మర్లిస్. “ఇవి ఇంకొకరు నింపినవి, ఆర్విడ్. నీకింకా బతకాలనుంది కదా.”

అంతలో మైకులో లొరెట్టా గొంతు వినపడింది, ఒక్కొక్కరి పేరే, చివర్లో, తన దగ్గర నేను ముందే రాయించిన నా పేరు. ఎవరో వెనక్కి తిరిగి చూశారు. టెస్ అనుకుంటాను. నేను నాన్న తుపాకీ సంచిలోంచి తీసి ఆర్విడ్ పరిచిన చాప మీద బోర్లా పడుకున్నాను. చెంప కింద చెక్క అదే చల్లదనంతో తగిలింది. దూరంగా బఠాణీ గింజంత నల్లచుక్క, మధ్యలో ఊగుతున్న గడ్డి. భయం కొంత, సంతోషం ఎక్కువ. ఆర్విడ్ ఇంకా నిలబడే ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. నా వెనక దుర్భిణీ, దాని ముందు ఇన్నేళ్ళూ నేను కూర్చున్న మడత కుర్చీ ఖాళీగా ఉన్నాయి.

ఊపిరి సగం వదిలి, వెనక్కి చూడకుండానే అన్నాను.

“ఆర్విడ్, నువ్వు కాస్త గాలి చూడు. అంతే.”