కంప్లైంటు కాదు, దాని అలవాటు

మా కోడలికి ఉద్యోగం నిలబడుతుందో లేదో ఆ సాయంత్రానికి తేలిపోవాలి. చంటిది తల్లిని వదిలి ఒక్క పూటైనా ఉండదు కాబట్టి, దాన్ని భుజాన వేసుకుని నేనూ వెంట వెళ్లాను.

ఉద్యోగం ఏమిటంటే, కార్లున్నవాళ్లను అడిగి, ఎవరి బండి ఎంత ఇబ్బంది పెడుతోందో రాసుకురావడం. అలా రాసుకొచ్చినవన్నీ కలిపి ఏడాదికోసారి కార్ల కంపెనీలకు మార్కులు వేస్తారు. ఆ మార్కులు చూసే జనం బళ్లు కొంటారు, అమ్ముతారు. మా కోడల్ని ఒక కంపెనీవాళ్ల సర్వీసు సెంటరుకు పంపారు. ఇంతకుముందు అక్కడికి వెళ్లిన ఇద్దరూ "అందరూ బాగుందనే అన్నారు" అని తిరిగొచ్చారట. ఏ లోపమూ లేని బండి ఈ భూమ్మీద ఉండదు, మీకు అడగడం చేతకాలేదని ఆఫీసరు వాళ్లను మానిపించేశాడు. పోనీ ఏదో ఒకటి కల్పించి రాద్దామా అంటే, ఆ ఓనర్లకే ఫోన్ చేసి నిజమా అని అడుగుతారు.

సెంటరులో బళ్లు ఇచ్చినవాళ్లు కూర్చోవడానికి అద్దాల గది ఉంది. మేం వెళ్లేసరికి పళ్ల డాక్టరమ్మ ఒకావిడ కౌంటరు మీదకి వంగి గొణుగుతోంది. "కిందటిసారీ చెప్పాను. ఏసీ గాలి నా కాళ్లకే తగులుతోంది. మొహం ఉడికిపోతోంది."

కోడలి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ వచ్చి కూర్చోగానే పక్కకు చేరి అడిగింది. "మేడం, మీ బండి మీద ఏమైనా కంప్లైంట్లు ఉన్నాయా?"

"దేనికి? బంగారంలాంటి బండి."

"ఇప్పుడే ఏసీ గురించి ఏదో అన్నారు కదండీ."

"అది మాలో మాకు మాట. ఊరందరికీ చెప్పుకుంటామా?"

పక్కన టోపీ పెట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. రిటైరైన హెడ్ క్లర్కు. "చూడమ్మాయ్, కిందటేడు మా బళ్ల కంపెనీని అసలే కింది వరసలో పడేశారు. ఇప్పుడు నీ చేత ఇంకా కిందికి తొక్కించుకోమంటావా? వచ్చే ఏడు నేను బండి అమ్ముకోవాలి."

"పైనున్న కంపెనీ బళ్లు కొన్నవాళ్లు మాత్రం నిజం చెప్పారంటారా?" అన్నాడు కొలతల టేపు ఇంకా మెడలోనే ఉన్న టైలరు. "నోరు మూసుకున్నారు, పైకెక్కారు. మనకి ఆ తెలివి లేకపోయింది."

అందరూ నవ్వారు. మధ్యాహ్నం అయ్యేసరికి మా కోడలి చేతిలో ట్యాబ్ ఖాళీ, మొహంలో రక్తం ఖాళీ. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. మా ఆయన బతికుండగా మా ఇంటి రేడియోను రోజూ నాలుగు బాదితే గానీ పాడేది కాదు. పక్కింటివాళ్లు "మీ రేడియో పోయినట్టుందే" అన్నారని వాళ్లతో నెలరోజులు మాట్లాడలేదు ఆయన.

ఇంతలో చంటిది ఏడుపు అందుకుంది. పాలు వద్దు, నీళ్లు వద్దు. గదంతా మారుమోగిపోతోంది.

టోపీ ఆయన లేచాడు. "మా మనవడూ ఇంతే. కారెక్కిస్తే గానీ కన్ను మూసేవాడు కాదు. నా బండి వంతు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది. రండి చెల్లెమ్మా, ఒక చుట్టు తిప్పుకొద్దాం."

నేనూ పిల్లా వెనక, కోడలు ముందు కూర్చున్నాం.

"చెల్లెమ్మా, ఆ తలుపు ఒకసారి వేస్తే పడదు. రెండోసారి కాస్త పైకెత్తి లాగండి. అమ్మాయ్, నీ పక్క అద్దం జోలికి పోకు, దిగుతుంది గానీ ఎక్కదు. ఆ టిక్కుటిక్కు చప్పుడుకి భయపడకండి, ఇంజను వేడెక్కితే మానేస్తుంది. ఎర్రలైటంటారా, అది ఊరికే వెలుగుతుంది పాపం."

కోడలు వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. దాని కళ్లు మిలమిల మెరుస్తున్నాయి. కోడలు చప్పుడు కాకుండా రాసేసుకోవచ్చు. రాయలేదు.

"బాబాయ్‌గారూ, ఇవన్నీ రాసుకోనా?"

"ఏవన్నీ?"

"తలుపు, అద్దం, టిక్కుటిక్కు, ఎర్రలైటు."

ఆయన బండి పక్కకు ఆపాడు. "అవి కంప్లైంట్లా? దాని అలవాట్లు. పొద్దున్నే నా మోకాలు పట్టేస్తుంది. అంతమాత్రాన నేను చెడిపోయినట్టా?"

"అలవాట్లనే రాస్తానండి. మీరు సర్దుకుపోతున్నారనీ రాస్తాను. కొత్తగా కొనేవాళ్లకి తెలియాలి కదా."

ఆయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "రాయి మరి. నేను బాధపడ్డానని మాత్రం రాయకు."

చంటిది ఎప్పుడో నిద్రపోయింది. మా కోడలు బండి దిగుతూనే దాదాపు పరుగెత్తింది. డాక్టరమ్మ ముందు నిలబడి, "మేడం, మీ బండి నాకు ఒక్కరోజు ఇచ్చారనుకోండి, నేను ఏమేం చూసుకోవాలి?" అంది.

ఇంకేముంది, కట్ట తెగింది. "ముందు కాళ్లకి మేజోళ్లు వేసుకోవాలి, ఏసీ అక్కడే కొడుతుంది," అని డాక్టరమ్మ మొదలుపెట్టిందో లేదో టైలరు అందుకున్నాడు. "అదేం గొప్పండీ. నా డిక్కీ తెరవాలంటే మోకాలితో ఒకటి తగిలించాలి. అదీ ఎడమ మోకాలితో. రండి చూపిస్తా." అందరూ బయటి బళ్ల దగ్గరికి తరలారు. ఎవరి బండిని ఎలా బుజ్జగించాలో ఒకరి మీద ఒకరు పోటీపడి చెబుతున్నారు. ప్రతి ఒక్కరినీ "రాయనా?" అని అడిగి, సరేనన్నాకే రాస్తోంది మా కోడలు. వేళ్లు ఆగడం లేదు.

సాయంత్రం ఆఫీసరు వచ్చాడు. అద్దాల గదిలో కూర్చుని ట్యాబ్ చూస్తున్నకొద్దీ అతని మొహం ముడుచుకుపోయింది. "మధ్యాహ్నం దాకా ఒక్కటీ లేదు. ఇప్పుడు పేజీలు నిండిపోయాయి. ఇవి అడిగినవా, వండినవా?"

మొదటి పేరు చూసి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు. బయట బళ్ల మధ్య టోపీ ఆయన జేబులోంచి ఫోన్ తీయడం అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

"సార్, మీ బండి మీద ఏమైనా కంప్లైంట్లు ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు," అన్నాడు ఆయన గర్వంగా.

ఆఫీసరు కోడలి వైపు చూశాడు. "విన్నావుగా?"

కోడలు గొంతు తగ్గించలేదు. "సార్, ఫోన్ పెట్టేయకండి. మీరు కంప్లైంటని అడిగారు. ఆయన బండిలో మీరు ఎక్కితే ఏమేం చూసుకోవాలో అడగండి."

అతను విసుగ్గానే అడిగాడు.

"ఎక్కుతారా?" అంది ఫోన్‌లో గొంతు, చుట్టం వచ్చినంత సంబరంగా. "వెనక తలుపైతే రెండుసార్లు వేయాలి బాబూ, పైకెత్తి మరీ. ముందు కూర్చుంటే అద్దం ముట్టుకోకండి. టిక్కుటిక్కుమంటుంది, కంగారుపడొద్దు..." ఆఫీసరు వేలు ట్యాబ్ మీద ఒక్కో మాట వెంటా జరుగుతోంది. తలుపు ఉంది. అద్దం ఉంది. ఎర్రలైటూ ఉంది. "వానొస్తే ఎడమ కాలు పక్కకి పెట్టుకోండి, చుక్క పడుతుంది."

వేలు ఆగిపోయింది. "వాన సంగతి ఇందులో లేదే?"

"అది నాకు చెప్పలేదు సార్," అంది కోడలు.

ఆఫీసరు ఫోన్ పెట్టేశాడు. ఆ చుక్కను తనే ట్యాబ్‌లో ఎక్కించి, కోడలి వైపు తిరిగాడు. "సోమవారం ఆఫీసుకొచ్చి కాయితాల మీద సంతకాలు పెట్టు. మిగతావాళ్లకి ఈ అడగడం కాస్త నేర్పు."

నేను పిల్లనెత్తుకునే కోడల్ని ఒక చేత్తో దగ్గరికి లాక్కున్నాను. కబురు బయటికి పాకి, అందరూ గదిలోకి తోసుకొచ్చారు.

"అయితే ఈసారి మా కంపెనీ ఇంకా కిందికే పోతుందన్నమాట," అంది డాక్టరమ్మ.

"పోవచ్చండి," అంది కోడలు, దాచకుండా.

టైలరు ముందుకొచ్చాడు. "ఆ పైనున్న కంపెనీ సెంటరుకి ఎప్పుడు వెళ్తావు? వాళ్లనీ ఇలాగే అడుగుతావుగా?"

"అడగకుండా ఎలాగండి."

"నేనూ వస్తాను," అన్నాడు టోపీ ఆయన. "మా పక్కింటాయన బండి ఆ కంపెనీదే. వెనక సీటు గురించి చెబుతూ కూర్చుంటే పొద్దుపోతుంది ఆయనకి. పద, ముందు ఆయనతోనే మొదలుపెడదాం."