కొండకెక్కే ఆబోతు

ఆ ఊరి కొండ మీద పచ్చిక అందరిదీ. ఎండాకాలమంతా అందరి ఆవులూ అక్కడే కలిసి మేస్తాయి. మొత్తం మందకు ఆబోతు మాత్రం ఒక్కటే. ఏ ఆబోతును కొండకెక్కించాలో జూన్‌లో ఒక ఆదివారం పూజ అయ్యాక చర్చి అరుగు మీద చేతులెత్తి ఓటేసి తేలుస్తారు. తన ఆబోతు ఒక్క ఏడాదైనా ఎక్కాలని విసితాసియోన్, ఊరందరికీ విసి, కాపురానికొచ్చిన నాటినుంచీ కోరుకుంటోంది.

ఇన్నాళ్లూ ఆ గౌరవం ఆమె మరిది గౌదెన్సియోదే. అతని ఆబోతు మార్కెస్ ఆ కొండల్లోనే పుట్టిన అచ్చమైన అవిలా నల్లజాతి. దాని తాతముత్తాతల పేర్లు అతనికి కంఠోపాఠం. సొంత ముత్తాత పేరు అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటాడు. విసి ఆబోతు సెనిసో సంకరజాతిది. తల్లి ఆమె దొడ్లోని నల్లావు గోలొండ్రినా, తండ్రి పొరుగూరివాళ్లు మాంసానికి పెంచే తెల్ల షరొలే జాతి ఆబోతు. బూడిదరంగు ఒళ్లు, తలుపు చెక్కంత వీపు. కిందటేడు పుట్టిన దాని దూడల కోసం సంతలో బేరగాళ్లు ఎగబడేసరికి ఊళ్లో సగం మంది మనసు అటు తిరిగింది.

గౌదెన్సియో ఊరుకుంటాడా? వైన్ కొట్టు ముందు నిలబడి, వదిన దొడ్లో ఉన్నది రెంటికీ చెడ్డ రేవడి అని నలుగురికీ వినబడేలా అన్నాడు. విసి కూడా తక్కువేం తినలేదు.

"పేరు గొప్ప ఊరు దిబ్బ మరిదిగారూ. సంతలో మీ మార్కెస్ దూడల్ని చూసి పిల్లులనుకుంటున్నారట."

కొట్టంతా నవ్వింది. ఆ నవ్వుతోనే తాను గెలిచేశాననుకుంది ఆమె.

చలికాలం కింద వెచ్చగా ఉండే ఎస్త్రెమదూర మైదానాల్లో గడిపిన మందలు మే నెలలో ఇంటిదారి పట్టాయి. ఎప్పుడూ లారీలో వచ్చే సెనిసోను, దాని సత్తా ఊరికి చూపాలని, ఈసారి నడిపించుకొచ్చింది విసి. మైదానంలో అది పెళ్లికొడుకులా నడిచింది. పికో కనుమ దగ్గర రోమన్ల నాటి రాళ్ల బాట మొదలయ్యాక వెనకబడింది. ఒక మలుపులో ఆగిపోయి ముందరి కాలు పైకి పట్టుకుంది. గిట్టలు అరిగి ఎర్రబడ్డాయి. ఆమె గుర్రం దిగి దాని మెడ నిమిరింది. చేతులారా పాలుపట్టి పెంచుకున్న జీవం అది.

తలెత్తి చూస్తే పైన తన ఆవులు. దూడల్ని వెంటేసుకుని, ఆ రాళ్ల మీద కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోకుండానే ఎక్కిపోతున్నాయి. అన్నిటికన్నా ముందు గోలొండ్రినా. అత్తగారి కాలం నుంచీ ఆ దొడ్లో నడక సరిగాలేని పెయ్యను ఉంచుకున్నది లేదు. ఎన్నోసార్లు చూసిన దృశ్యమే అయినా ఆ పూట ఆమె గుండె గర్వంతో నిండిపోయింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. సెనిసో పెయ్యలు రేపు ఈ మలుపులోనే ఆగిపోతే?

లారీ పిలిపించి దాన్ని ఇంటికి చేర్చింది. ఆ సంగతి ఎవరి కంటా పడలేదు. జూన్ వచ్చేసరికి కుంటు కూడా తగ్గిపోయింది.

ఆదివారం అరుగు మీద సగం చేతులు మార్కెస్‌కి, సగం సెనిసోకి లేచాయి. ఎత్తనిది విసి ఒక్కతే. ఆమె చెయ్యి ఎటో తెలిసిందే కదా అని గౌదెన్సియో అప్పుడే ముఖం ముడుచుకున్నాడు. ఆమె లేచి కనుమలో జరిగిందంతా దాచకుండా చెప్పింది. మాంసం కోసం కోతకు వెళ్లే దూడలే కావాలంటే మైదానంలో సెనిసోను మించినది లేదనీ, దాన్ని అక్కడివాళ్లకే ఇచ్చేస్తాననీ అంది. మంద నిలవాలంటే కొండ ఎక్కగల పెయ్యలు కావాలంది. చెప్పి, మార్కెస్‌కి చెయ్యెత్తింది.

గౌదెన్సియోకి ప్రాణం లేచొచ్చింది.

"ఇన్నాళ్లకు నా ఆబోతు గొప్పేంటో తెలిసిందన్నమాట వదినా."

"దాన్ని చూసి ఎత్తలేదయ్యా, నా ఆవుల్ని చూసి ఎత్తాను," అంది విసి. "వాటికి నీ మార్కెస్ తగునా అని నెల్లాళ్లు ఆలోచించాను. తగును. వెళ్లి తోలుకురా."