ఒక్క అక్షరం ఎత్తు

ప్లాన్లమ్మ రోజూ పొద్దున ఎనిమిదింటికి కూతుర్ని వీపున ఎత్తుకుని ముప్పై ఎనిమిది మెట్లు దిగేది. మళ్ళీ పైకెక్కి చక్రాల కుర్చీ దింపేది. ఇళ్ళకీ ఆఫీసులకీ ప్లాన్లు గీసే మనిషి గనుక ఆమెకి ఆ పేరు. సంచిలో కొలత టేపు లేకుండా గడప దాటదు. కూతురికి ఏడేళ్ళు. అందరూ పిట్ట అంటారు, నోటికి మాత్రం తాళం లేదు. ఆ పిల్లకి ఏ కుళాయి అందుతుందో, ఏ స్విచ్చి అందదో తల్లి కొలిచి రాసుకుంటూ ఉండేది. అందనివే ఎక్కువ.

అలా కొలిచి కొలిచి ఒళ్ళు మండి, ఒక బడికి ప్లాను గీసింది. అందులో మెట్లే లేవు, చక్రాల కుర్చీ సాఫీగా ఎక్కే వాలుదారి ఉంది. చూపు లేని పిల్లలు కాళ్ళతో పోల్చుకునేలా ఒక్కో గది ముందు ఒక్కో రకం నేల. గోలకి బెదిరే పిల్లలకి కిటికీ పక్కన మెత్తటి మూల. ఏ పాఠమైనా వినొచ్చు, చూడొచ్చు, చేత్తో తడమొచ్చు. అందుకోసం ఒక పెట్టెడు చెక్క అక్షరాలు చేయించింది. మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఆ బడిని కట్టించింది.

శుక్రవారం పదింటికి ఆఫీసరు తనిఖీకి వస్తాడు. అంతా సరిగ్గా ఉంటే అప్పుడే పిల్లల పేర్లు రాసుకుంటాడు. లేకపోతే బడి జాబితాలో ఉన్న పిల్లలు తలా ఒక హాస్టలుకి పోవాలి. పిట్టకి రాసిపెట్టిన హాస్టలు రెండు రోజుల రైలు దూరం. ఎందుకైనా మంచిది, బట్టలు సర్ది ఉంచమన్నారు ఆఫీసు వాళ్ళు. ఆ బట్టల సంచి వారం రోజులుగా తలుపు పక్కనే ఉంది. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ప్లాన్లమ్మ మొహం తిప్పుకునేది.

మంగళవారం బోర్డుల తాత వచ్చి బోర్డు రాశాడు. ఆ ఊళ్ళో కట్టడాలు తాత రాసిన మాట వింటాయి. సెలూను మీద 'సోమవారం సెలవు' అని రాస్తే, సోమవారం ఆ తలుపు యజమాని తోసినా తెరుచుకోదు. ఇంకెవరు రాసినా అది వట్టి రంగే. 'అందరి బడి' అని ప్లాన్లమ్మ చీటీ రాసిచ్చింది. తాత 'అందని బడి' అని రాసి, కింద చిన్న పువ్వు కూడా వేసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికల్లా వాలుదారి నిటారుగా లేచి నిలబడింది. తలుపు గొళ్ళెం మనిషెత్తు దాటిపోయింది. కుళాయిలు, బల్లలు, స్విచ్చిలు ఒక్కొక్కటే పైకి పాకాయి.

"నా పనిలో తేడా లేదమ్మా," అన్నాడు బడి కట్టిన మేస్త్రి మెడ పైకెత్తి. "బోర్డు చూడు. 'రి' రాయాల్సిన చోట 'ని' రాసి తగలేశాడు మహానుభావుడు."

తాతని పిలిపించారు. రాసిన చేతికి బోర్డు ఎప్పుడూ అందుతుంది. నిచ్చెనెక్కి చెరిపి మళ్ళీ రాశాడు. 'ని'. బుధవారం ఇంకోసారి రాశాడు. 'ని'. గురువారం పొద్దున ప్లాన్లమ్మ కింద నిలబడి "అది కాదు, అది కాదు" అని అరుస్తుండగానే రాశాడు. మళ్ళీ 'ని'.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావు తాతా? నా పిల్లని రైలెక్కించేదాకా ఊరుకోవా?" అంది ప్లాన్లమ్మ.

తాత దిగి ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు.

"నాకు చదువు రాదమ్మా. చీటీ చూసి బొమ్మలా దింపేస్తాను. నలభై ఏళ్ళుగా రాసినవే రాస్తున్నా గనుక నెట్టుకొచ్చాను. అన్నిటికన్నా ఎక్కువ రాసింది 'పని లేనిదే లోపలికి రారాదు'. చెయ్యి ఆ 'ని' మీదికే పోతోంది. 'అందరి' అన్న మాట ఇన్నేళ్ళలో ఎవరూ రాయించుకోలేదమ్మా."

"ఒక్క అక్షరం నేర్చుకోలేవా?"

"అది నిలబడితేగా! కాగితం మీద చీమల్లా కదుల్తాయి. చిన్నప్పుడు మూణ్ణెల్లు బడికి పోయాను. మొద్దు వెధవన్నారు, పంపించేశారు."

ప్లాను గీసినన్నాళ్ళూ ప్లాన్లమ్మ నడవలేని పిల్లల్ని తలుచుకుంది, చూపు లేని పిల్లల్ని, వినపడని పిల్లల్ని తలుచుకుంది. అక్షరాలు నిలవని పిల్లాడు ఒక్కసారైనా గుర్తు రాలేదు. సిగ్గేసింది. సిగ్గుపడి మాత్రం ఏం లాభం, తెల్లారితే శుక్రవారం. మేస్త్రి చూస్తున్నాడని కూడా లేకుండా ఆ ఇసుకలోనే కూర్చుని భోరుమంది.

"తర్వాత ఏడుద్దువు గానీ అమ్మా, ఆ అక్షరాల పెట్టె ఇటు తొయ్యి," అంది పిట్ట.

పెట్టెలోంచి చెక్క 'ర' తీసి తాత చేతిలో పెట్టింది. "కళ్ళు మూసుకో తాతా. చూడకు, తడుము. 'ని' మీద పెట్టే గుడే దీని మీదా పెట్టాలి."

తాత వేలు ఆ గుండ్రం చుట్టూ తిరిగి, పైనున్న తలకట్టు దగ్గర ఆగింది. మళ్ళీ తిరిగింది.

"ఇది కదలట్లేదే," అన్నాడు.

పొద్దుగూకేదాకా పిట్ట ఒకసారి 'ర', ఒకసారి 'న' ఇస్తూ అడిగింది. తప్పు చెబితే "మళ్ళీ" అంది. పదిసార్లలో ఆరుసార్లే సరిగ్గా చెప్పగలిగాడు. ఇంటికి వెళ్ళాక ప్లాన్లమ్మ ఆ బట్టల సంచిలో పిట్ట స్వెటరు కూడా పెట్టింది.

శుక్రవారం పదింటికి పది నిమిషాలుండగా తాత నిచ్చెనెక్కాడు. ఎడంచేతిలో చెక్క 'ర', కుడిచేతిలో కుంచె, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ప్లాన్లమ్మ చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది. బట్టల సంచి ఆమె భుజానే ఉంది. మేస్త్రి గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించాక గానీ ఇటు తిరగలేదు.

'రి'. కాస్త లావుగా, కాస్త పక్కకి ఒరిగి ఉంది. రంగు కారింది.

వాలుదారి మెల్లగా నేలకి వాలింది. గొళ్ళెం కిందికి దిగింది. పిట్ట ఎవర్నీ తొయ్యమనలేదు. తనే చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళి, తనే గొళ్ళెం తీసింది. ప్లాన్లమ్మ భుజం మీది సంచి జారి కింద పడింది, తీసుకోలేదు.

ఆఫీసరు వచ్చాడు. గదులన్నీ తిరిగి చూసి, తలాడించి, రిజిస్టరు తెరిచి మొదట పిట్ట పేరు రాశాడు. తాత డబ్బాలు సర్దుకుని గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాడు. చిన్న బల్లల మధ్య వెనక వరసలో ఒక బల్ల మాత్రం పెద్దవాళ్ళు కూర్చునే ఎత్తుకి పెరిగి ఉంది.

"అది నీదే తాతా," అంది పిట్ట.

తాత కుంచె పట్టుకునే వచ్చి కూర్చున్నాడు. ఆఫీసరు తాత పేరు అడిగి రాసుకుని, "వయసు?" అన్నాడు.

తాత లేచి నిలబడ్డాడు.

"ఏడేళ్ళప్పుడు బయటికి పంపారండీ. అక్కణ్ణించే రాసుకోండి."